ఆగస్టు 9 సాయంత్రం తెర ఎందుకు నల్లగా ఉండిపోయింది: చందా ఇచ్చిన 41 మందికి మా లెక్క



పోస్ట్ పెద్దది. కొంచెం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఇందులో మీ డబ్బుల లెక్క ఉంది.

ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజు హాస్టల్‌లో 'అవతార్' సినిమా 4కెలో వేస్తామని చెప్పి మనిషికి 150 రూపాయల చొప్పున 41 మంది దగ్గర తీసుకున్నాం. మొత్తం 6,150. సినిమా ఆడలేదు. ఆ తర్వాత కొందరు ఏమైందని అడిగారు, కొందరు అడగకుండా నవ్వుకున్నారు. ఒక తమ్ముడు "అన్నలు డబ్బులు తిన్నారు" అని స్టేటస్ పెట్టి, గంట తర్వాత తీసేశాడు. తమ్మీ, నీ మీద మాకు కోపం లేదు. లెక్క చెప్పకపోతే ఎవరైనా అదే అనుకుంటారు. అందుకే రాస్తున్నాం.

మేము అంటే రూమ్ నంబర్ 14 నలుగురం. ఒకడిది ఉట్నూరు దగ్గర గూడెం, ఒకడిది దుమ్ముగూడెం, ఒకడిది బయ్యారం దగ్గర తండా, ఒకడిది గోదావరి అవతల కూనవరం వైపు. నలుగురి ఇళ్లలోనూ మాకంటే ముందు కాలేజీ మెట్లెక్కినవాళ్లు లేరు. కంప్యూటర్‌ని మొదటిసారి ముట్టుకున్నది ఆశ్రమ పాఠశాలలో, అదీ ఒక కంప్యూటర్‌కి ఆరుగురం. కాబట్టి ఏదైనా మిషన్ పనిచేయకపోతే మాకు ముందు వచ్చే అనుమానం మిషన్ మీద కాదు, మా మీదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

డిస్క్ మాకు ఎట్లా వచ్చింది

మాలో ఇద్దరం ఆదివారాలు ఫిల్మ్ నగర్‌లో ఒక పెద్దాయన ఇంటికి పనికి పోతాం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో దగ్గర దిగి, షేర్ ఆటో దొరికితే ఎక్కుతాం, లేకపోతే నడుస్తాం. మనలో చాలామందికి ఆ ఏరియా తెలుసు. కేటరింగ్‌కి పోయినవాళ్లున్నారు, కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుని షూటింగుల్లో గుంపులో నిలబడి వచ్చినవాళ్లున్నారు. పక్కనే ఉన్న బంజారా హిల్స్ పేరులో ఉన్నది మా బయ్యారం వాడి జాతి పేరే. అక్కడ రోడ్ నంబర్ 10లో 2022 సెప్టెంబరు 17న కుమురం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ మొదలయ్యేదాకా, అంత ఖరీదైన ఏరియాలో మనవాళ్లకి మిగిలింది పేరొక్కటే అని వాడు జోకులేసేవాడు. ఫిల్మ్ నగర్ కూడా అంతే. ఒక రోడ్డులో బంగళాలు, వెనక సందులో రేకుల ఇళ్లు. రామానాయుడు స్టూడియో గేటు ముందు నిలబడి ఫోటో దిగేవాళ్లని చూస్తూ మేం పనికి పోతుంటాం.

పెద్దాయన సినిమాల్లో సౌండ్ పని చేసి రిటైరయ్యారు. పరిశ్రమ మద్రాసులో ఉన్నప్పుడు అక్కడ నేర్చుకుని, తర్వాత అందరితోపాటు హైదరాబాద్ వచ్చేశారట. పేరు రాయొద్దన్నారు. ఆయన ఇంట్లో ఒక గోడ మొత్తం డిస్కులే. వీసీడీలు, డీవీడీలు, నీలం డబ్బాల్లో బ్లూరేలు, చివరి వరసలో నల్ల డబ్బాలు. దుమ్ము తుడిచి, పేర్లు పుస్తకంలో రాసి, వరసగా సర్దడం మా పని. రోజుకి 400, మధ్యాహ్నం భోజనం.

నల్ల డబ్బాలు ఏంటని అడిగితే ఆయనే చెప్పారు. అవి అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలు, 4కె డిస్కులు, 2016 నుంచి అమ్మకానికి వచ్చాయి. డీవీడీలో ఒక పొరకి 4.7 జీబీ పడుతుంది. మామూలు బ్లూరేలో 25, రెండు పొరలైతే 50. ఈ నల్ల డబ్బా డిస్కులో 66 గానీ 100 గానీ పడుతుంది. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో దాదాపు 20 లక్షల 70 వేల చుక్కలుంటే, 4కె బొమ్మలో దాదాపు 83 లక్షలు. అంటే నాలుగింతలు. "ఆకు మీద నీటిబొట్టు కనబడుతుందయ్యా" అన్నారు. ఆయన డిస్క్ ప్లేయర్ మాత్రం వేసవిలో కరెంట్ హెచ్చుతగ్గులకి కాలిపోయింది. ఆ వరస మొత్తం ఊరికే ఉంది.

4కె అనే మాట అప్పటికే మాకు రీ-రిలీజుల వల్ల తెలుసు. 2022 ఆగస్టు 9న మహేష్ బాబు పుట్టినరోజుకి 'పోకిరి' 4కెలో వేశారు, తర్వాత సెప్టెంబరు మొదట్లో పవన్ కల్యాణ్ పుట్టినరోజుకి 'జల్సా'. ఆగస్టు 9 మన రోజు కూడా కదా. ఊరంతా పోకిరి షోలకి విజిల్స్ వేస్తుంటే, మనం హాలులో బ్యానర్ కట్టుకుని ఉపన్యాసాలు వింటాం. ఈసారి మనం కూడా మన రోజున మన సినిమా ఒకటి 4కెలో వేద్దాం అనే ఆలోచన అక్కడ పుట్టింది.

'అవతార్' మన సినిమానా అని అడగొచ్చు. 2009లో హాలీవుడ్ వాళ్లు తీశారు. కొండ కింద ఖనిజం ఉంది, కొండ మీద మనుషులున్నారు, మనుషుల్ని లేపేసి ఖనిజం తవ్వాలి. కథ అంతే. ఒడిశాలో నియమగిరి కొండ మీద ఉండే డోంగ్రియా కోందుల తరఫున 2010లో ఒక అమెరికా సినిమా పత్రికలో, ఆ దర్శకుడు జేమ్స్ కామెరాన్‌కి విన్నపంగా ప్రకటన వేశారు. మీరు తీసిన కథ ఇక్కడ నిజంగా జరుగుతోంది, సాయం చేయండి అని దాని సారాంశం. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ విషయం గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ వానాకాలంలో 12 గ్రామసభలు జరిగితే 12 కూడా గని వద్దన్నాయి. ఈ కథ జూనియర్లకి చెప్పి, తర్వాత సినిమా చూపిద్దాం అనుకున్నాం. పెద్దాయనని అడిగితే నల్ల డబ్బా తీసి చేతిలో పెట్టి "నేనెలాగూ చూడలేను, మీరు చూడండి. డబ్బా మీద ఇంట్లో చూడ్డానికి మాత్రమే అని ఉంది, టికెట్లు పెట్టకండి" అన్నారు. మాకు హాస్టలే ఇల్లు సార్ అన్నాం. నవ్వారు.

డబ్బులు ఎట్లా ఖర్చయ్యాయి

హాస్టల్ కామన్ రూమ్‌లో పాత విద్యార్థులు పోయిన ఏడాది ఇచ్చిన అసెంబుల్డ్ కంప్యూటర్ ఉంది. కొత్తది, ఐ5 12వ తరం ప్రాసెసర్. పెద్ద టీవీ ఉంది. లేనిది డిస్క్ డ్రైవ్ ఒక్కటే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే చోట ఒక షాపులో సెకండ్ హ్యాండ్ డ్రైవ్ దొరికింది. "4కె ఆడుతుందా అన్నా?" అంటే "పక్కా ఆడుతుంది" అన్నాడు. డ్రైవ్ 5,200. హెచ్‌డీఎంఐ కేబుల్ 600. మిగిలింది 350.

ఆగస్టు 8 రాత్రి డ్రైవ్ బిగించాం. ముందు ఒక డీవీడీ వేసి చూశాం, ఆడింది. తర్వాత నల్ల డబ్బా డిస్క్ వేశాం. డ్రైవ్ గిర్రున తిరిగింది. కంప్యూటర్‌లో డిస్క్ పేరు కనిపించింది, దాని సైజు కనిపించింది. లోపల ఫోల్డర్లు కూడా తెరుచుకున్నాయి. మేం ఒకరినొకరు చూసుకుని చప్పట్లు కొట్టి పడుకున్నాం. అదే మా తప్పు. ఫోల్డర్ తెరుచుకోవడం వేరు, సినిమా తెరుచుకోవడం వేరు.

మర్నాడు సాయంత్రం ఏడున్నరకి హాలు నిండింది. వార్డెన్ సార్ ముందు వరసలో కుర్చీ వేసుకున్నారు. నియమగిరి కథ చెప్పాం. లైట్లు ఆపాం. డ్రైవ్‌తో పాటు వచ్చిన ప్లేయర్ సాఫ్ట్‌వేర్ తెరిచి నొక్కాం. ఒక చిన్న డబ్బా వచ్చింది: ఈ కంప్యూటర్‌లో ఈ డిస్క్‌ని ఆడించడానికి కావలసినవి లేవు. మూసి మళ్లీ నొక్కాం. మళ్లీ అదే. నెట్‌లో ఉచితంగా దొరికే ప్లేయర్‌తో ప్రయత్నించాం, నల్ల తెర. కేబుల్ మార్చాం. కంప్యూటర్ ఆపి వేశాం. వెనక నుంచి ఒక తమ్ముడు "అన్నా, నెట్ బ్యాలెన్స్ అయిపోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. వార్డెన్ సార్ మెల్లగా "ముందే చూసుకోవాలి కదరా" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ మెల్లగా అన్న మాటకి చెవులు వేడెక్కాయి. ఏదో బటన్ ఉండి ఉంటుంది, పట్నం పిల్లలకి తెలిసే ఉంటుంది, మాకే తెలియలేదు అనుకున్నాం. ఆ రాత్రి నలుగురం మాట్లాడుకోలేదు.

అసలు ఏమి కావాలి

తర్వాత పది రోజులు కాలేజీ లైబ్రరీలో కూర్చుని చదివాం. పెద్దాయనని అడిగాం. అప్పటికి కంప్యూటర్‌లో 4కె డిస్క్ సక్రమంగా ఆడాలంటే ఇవన్నీ ఒకేసారి ఉండాల్సి వచ్చేది:

1. డ్రైవ్. మామూలు బ్లూరే డ్రైవ్ చాలదు. ఏఏసీఎస్ 2.0 అనే కొత్త తాళం పద్ధతిని ఒప్పుకునే డ్రైవ్ కావాలి. డిస్కులు 2016లో వచ్చినా, కంప్యూటర్‌కి అలాంటి డ్రైవ్ 2017లో గానీ రాలేదు. మొదట తెచ్చింది జపాన్ పయనీర్ కంపెనీ.

2. ప్రాసెసర్. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎస్‌జీఎక్స్ అని ఒక రహస్య గది లాంటిది ఉండేది. కంప్యూటర్ యజమానికి కూడా కనిపించకుండా తాళంచెవిని అందులో దాస్తారు. అది ఉన్న 7వ తరం నుంచి 10వ తరం దాకా ప్రాసెసర్లే పనికొచ్చేవి. ఆ గదికి కన్నాలున్నాయని పరిశోధకులు బయటపెట్టారు, 2018లో వచ్చిన ఫోర్‌షాడో అందులో ఒకటి. 2021లో వచ్చిన 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి ఆ గదే లేదు. ఏఎండీ ప్రాసెసర్లలో మొదటినుంచీ ఎస్‌జీఎక్స్ లేదు.

3. బొమ్మ ఆ ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ నుంచి రావాలి. విడిగా పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్నా దానికి టీవీ తగిలిస్తే లాభం లేదు.

4. మదర్‌బోర్డ్. ఎస్‌జీఎక్స్‌ని బయాస్‌లో ఆన్ చేసే వీలుండాలి. దాని వీడియో పోర్టు హెచ్‌డీసీపీ 2.2 అనే మరో తాళాన్ని ఒప్పుకోవాలి.

5. టీవీ లేదా మానిటర్ కూడా అదే హెచ్‌డీసీపీ 2.2ని ఒప్పుకోవాలి. మధ్యలో ఇంకేదైనా పెట్టె ఉంటే అదీ ఒప్పుకోవాలి.

6. విండోస్, దాని మీద లైసెన్స్ ఉన్న, డబ్బు పెట్టి కొనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్. ఉచిత ప్లేయర్లకి ఈ తాళంచెవి ఇవ్వరు.

7. డిస్క్ చేతిలో ఉన్నా, తాళంచెవి తెచ్చుకోవడానికి ఇంటర్నెట్.

ఏడింటిలో ఆరు ఉండి ఒకటి లేకపోయినా తెర నల్లగానే ఉండేది. మాకు లేనిది రెండోది. మా కంప్యూటర్ 12వ తరం. అంటే కంప్యూటర్ పాతదై ఆడకపోవడం కాదు, కొత్తదై ఆడలేదు! పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు దాన్నే ఉంచుకోండి, విండోస్‌ని కూడా కొత్తదానికి మార్చకండి అని ప్లేయర్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లే సలహా ఇచ్చారట. ఇది చదివినప్పుడు లైబ్రరీలో గట్టిగా నవ్వేశాం, లైబ్రేరియన్ మేడం బయటికి పంపించారు.

బయటికొచ్చాక దుమ్ముగూడెం వాడు ఒక మాటన్నాడు. "ఇదంతా మా నాయన పోడు పట్టా ఫైలు లాగుంది."

నిజమే. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి భూమి సాగులో ఉండాలి. గిరిజనేతరులైతే మూడు తరాలు ఆ అడవిలోనే బతికినట్టు చూపించాలి. భూమి కళ్ల ముందే ఉంటుంది, దున్నేది మనమే. అయినా ఒక కాగితం ఇంకో కాగితాన్ని అడుగుతుంది. సర్వే అయితే గ్రామసభ తీర్మానం ఏదంటారు, తీర్మానం ఉంటే పేరులో అక్షరం తప్పుందంటారు. స్కాలర్‌షిప్ కూడా అంతే కదా. కుల ధ్రువీకరణ, ఆదాయం, ఆధార్, బ్యాంకు ఖాతా, వేలిముద్ర. ఒక్కదాంట్లో తేడా వస్తే డబ్బు పడదు, ఏది తేడానో కూడా ఎవరూ సరిగ్గా చెప్పరు. "కావలసినవి లేవు" అనే చిన్న డబ్బా ఒకటి వస్తుంది. మనిషినే కాదు, ప్రాసెసర్‌ని కూడా నీది ఏ తరం అని అడుగుతారని మాకు ఇప్పుడే తెలిసింది.

ఆగస్టు 9 రాత్రి మేం పడ్డ సిగ్గు గురించి మీకు చెప్పాల్సింది ఇదే. మాకు తెలియని బటన్ అక్కడ ఏదీ లేదు. ఇంజనీరింగ్ చదివిన పట్నం పిల్లాడు కూర్చున్నా ఆ కంప్యూటర్‌లో ఆ డిస్క్ ఆడేది కాదు. కొనే ముందు చదవకపోవడం మా తప్పు, దానికి మీ అందరికీ సారీ. కానీ చేతగానివాళ్లం కాబట్టి ఆగిపోయిందని అనుకోవడం తప్పు. జూనియర్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఏదైనా ఆగిపోతే ముందు తాళం ఎక్కడ వేశారో వెతకండి, మిమ్మల్ని మీరు తిట్టుకోవడం తర్వాత.

తాళం ఎందుకు వేశారు

కోపంతో ఈ మాటలన్నీ పెద్దాయన ముందు పెట్టాం. డబ్బు పెట్టి కొన్నవాణ్ణి దొంగలా చూడటం ఏంటి సార్ అన్నాం. ఆయన విని, టీ తాగుతూ, "సినిమావాళ్లకి తాళం కొత్త కాదయ్యా" అన్నారు.

ఇప్పుడు థియేటర్‌కి రీలు డబ్బాలు పోవు. డీసీపీ అని, సినిమా మొత్తం తాళం వేసి హార్డ్ డిస్క్‌లో పంపుతారు. దాన్ని తెరిచే తాళంచెవి, కేడీఎం అంటారు, విడిగా పోతుంది. ఏ థియేటర్లో ఏ సర్వర్‌కి, ఏ తేదీ ఏ గంట నుంచి ఏ గంట దాకా అనేది అందులోనే ఉంటుంది. గంట దాటితే ఎంత పెద్ద హీరో సినిమా అయినా తెరుచుకోదు. ఎందుకింత భయమంటే 2013 సంగతి చెప్పారు. 'అత్తారింటికి దారేది' ఇంకా విడుదల కాకుండానే అందులో చాలా భాగం బయటికి పొక్కి, ఊళ్లలో సీడీలుగా తిరిగింది. నిర్మాత హడావిడిగా సెప్టెంబరు 27న విడుదల చేయాల్సి వచ్చింది. ఆ సినిమా నిలబడింది కాబట్టి సరిపోయింది. "చిన్న సినిమా అయితే? హీరోకేం కాదు. కృష్ణానగర్‌లో లైట్‌మన్‌కీ, మీలాగా గుంపులో నిలబడేవాడికీ కూలి ఆగిపోతుంది" అన్నారు.

ఆ మాట కాదనలేకపోయాం. మాలో ఒకడికి రెండు రోజుల షూటింగ్ కూలి ఇంకా రావాల్సి ఉంది.

కానీ మా బయ్యారం వాడు వదల్లేదు. "మరి సార్, దొంగ సీడీ చూసెటోడు ఎట్లనన్న చూస్తనే ఉన్నడు గద. ఆగింది కొన్నోళ్లకే గద?" పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అది నిజమేనయ్యా, నా గోడ చూడు" అన్నారు. చివరి వరసలో నల్ల డబ్బాలు. అన్నీ ఆయన కొన్నవే. పరిశ్రమలో అంతకాలం పనిచేసిన మనిషి, ఫిల్మ్ నగర్ నడిబొడ్డున కూర్చుని, తను కొన్నది తను చూడలేకపోతున్నారు.

ఇంకొక విషయం. నెట్‌లో తాళం పగలగొట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి, అది వాడితే అయిపోయేది కదా అని గ్రూపులోనే చాలామంది మెసేజ్ పెట్టారు. మేం వాడలేదు. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఎ అనే సెక్షన్ వచ్చింది. హక్కులకి భంగం కలిగించే ఉద్దేశంతో ఇలాంటి తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. మా ఉద్దేశం అది కాదు, ఒక సాయంత్రం సినిమా చూడ్డమే. కానీ మన ఉద్దేశం ఏంటో మనం చెప్తే వినేవాళ్లెవరు? రేపు ఉద్యోగం వస్తే పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. ఒక సినిమా కోసం ఆ రిస్క్ వద్దు. ఎవరూ చేయొద్దు.

సినిమా చూశామా?

చూశాం. దాచడం ఎందుకు. ఆగస్టు చివరి ఆదివారం పెద్దాయన స్నేహితుడు ఒకాయన, జూబ్లీహిల్స్‌లో ఉంటారు, తన ఇంటికి రమ్మన్నారు. ఆయన దగ్గర విడిగా టీవీకి తగిలించే 4కె ప్లేయర్ ఉంది. హాలులో పదిమంది కంటే పట్టరన్నారు కాబట్టి మేం నలుగురం, చీటీలు వేసి ఆరుగురు జూనియర్లం పోయాం. చెప్పులు బయట విప్పి, తెల్లటి బండల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. అదే డిస్క్. ప్లేయర్‌లో పెడితే నిమిషంలో ఆడింది. ఏడు కాదు కదా, ఒక్కటి కూడా అడగలేదు. తాళంచెవులన్నీ ఆ పెట్టెలోనే పెట్టి అమ్ముతారట. ఈ రకం డిస్కులకి డీవీడీల్లా దేశాల హద్దులు కూడా లేవు, ఎక్కడ కొన్న డిస్కైనా ఎక్కడైనా ఆడుతుంది. ఆడనిది కంప్యూటర్‌లోనే.

బొమ్మ ఎట్లుందంటే, పెద్దాయన చెప్పినట్టే ఉంది. ఆకు మీద బొట్టు కనబడింది. పెద్ద చెట్టు కూలే చోట కూనవరం వాడు లేచి బయటికి పోయి కాసేపటికి వచ్చాడు. వాడి ఊరు పోలవరం ముంపు జాబితాలో ఉంది. ఎవరం ఏమీ అడగలేదు. మిగతా 31 మందికి చూపించలేకపోయాం అనే బాధ మాత్రం ఉంది.

ఆ రోజు తెర మీద ఆడింది ఏంటి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఆగస్టు 9 రాత్రి అందరూ లేచిపోతుంటే కూనవరం వాడు తన ఫోన్‌ని టీవీకి తగిలించింది గుర్తుందా? పోయిన వేసవిలో వాళ్ల ఊరి విత్తనాల పండగలో తీసిన వీడియో. 11 నిమిషాలు. చెయ్యి వణికింది, గాలి శబ్దం ఎక్కువ, సగంసేపు ఎవరిదో భుజం అడ్డం. ఆడవాళ్లు చేతులు పట్టుకుని రేలా పాట పాడుతున్నారు, వరసలో మూడో ఆమె వాడి నాయనమ్మ. అది తగిలించగానే ఆడింది. ఏ తరం అని అడగలేదు. గుమ్మం దాకా పోయినవాళ్లు వెనక్కి వచ్చి నిలబడ్డారు. చింతూరు వైపు పిల్లలు ఇద్దరు గొంతు కలిపారు. వార్డెన్ సార్ "ఇంకోసారి వేయరా" అన్నారు.

అప్పుడు ఆ సంతోషంలో మాకు తట్టలేదు. తర్వాత రూమ్‌లో ఉట్నూరు వాడు చెప్పాడు. వాళ్ల తాత దండారి పండగకి పాడే పాటలు, చెప్పే పాత కథలు వాడు రెండేళ్ల కింద ఫోన్‌లో రికార్డు చేశాడు. గంటకి పైగా ఉంది. ఆ ఫోన్ వాగు దాటేటప్పుడు నీళ్లలో పడింది. బాగుచేసే అతను బోర్డు పోయింది, ఏమీ రాదన్నాడు. ఆ సంక్రాంతికి తాత చనిపోయాడు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

హాలీవుడ్ సినిమాకి ఏడు తాళాలు వేసి కాపాడుకుంటున్నారు. అది పోయినా ఇంకో లక్ష డిస్కులున్నాయి. మన దగ్గరున్న వాటికి ఒక్క కాపీ, అదీ పగిలిన ఫోన్‌లో. ఈ పది రోజులు తాళాల గురించి చదివి మాకు అర్థమైంది ఇదే. వాళ్ల తాళం గురించి మనం చేయగలిగేది ఏమీ లేదు. మనవాటిని ఏ తాళం లేకుండా, ఏ కంప్యూటర్‌లో వేసినా ఆడేలా దాచుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

లెక్క, అడగాల్సిన మాట

వచ్చింది 6,150. డ్రైవ్ 5,200, కేబుల్ 600, మిగిలింది 350. షాపు అతన్ని మూడుసార్లు బతిమాలితే డ్రైవ్ వెనక్కి తీసుకుని 3,800 ఇచ్చాడు. కేబుల్ హాస్టల్ టీవీకే ఉంది. ఇప్పుడు మా దగ్గరున్నది 4,150 రూపాయలు. నష్టం డ్రైవ్ మీద 1,400, కేబుల్ 600, మొత్తం 2,000. బిల్లుల ఫోటోలు కింద కామెంట్లలో పెడుతున్నాం.

వెనక్కి కావాలన్నవాళ్లకి మనిషికి 101 రూపాయలు వస్తుంది. మొహమాటం వద్దు, మెసేజ్ పెట్టండి, అదే రోజు ఫోన్‌పే చేస్తాం. వద్దన్నవాళ్ల డబ్బుతో ఒక హార్డ్ డిస్క్ కొందామని మా ఆలోచన. తక్కువపడితే మా ఆదివారం కూలిలోంచి మేం వేస్తాం. దసరా, దీపావళికి ఊళ్లకి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ ఒక్క మనిషిని రికార్డు చేసి తేవాలి. పాటైనా, కథైనా, విత్తనాల పేర్లైనా, మందుచెట్ల పేర్లైనా. ముందు వాళ్లని అడిగి ఒప్పుకుంటేనే. దేవతల పాటలు, బయటికి చెప్పకూడనివి ఉంటే వాటిని వదిలేయాలి. మామూలు ఎంపీ4 ఫైలుగా ఉంచుదాం, ఏ కంప్యూటర్‌లోనైనా ఆడుతుంది. ఊరు పేరు, మనిషి పేరు, తేదీ రాసి పెడదాం. ఒక కాపీ హాస్టల్‌లో, ఇంకోటి వేరే ఊళ్లో. ఒక ఇల్లు మునిగినా ఇంకో ఇంట్లో ఉండాలి.

పెద్దాయనకి ఈ సంగతి చెప్తే, గాలి శబ్దం పడకుండా మైకుకి స్పాంజి ఎట్లా చుట్టాలో వచ్చే ఆదివారం నేర్పిస్తానన్నారు. నలుగురైదుగురు రావచ్చు. పేర్లు కింద ఇవ్వండి. చెక్‌పోస్ట్ మెట్రో దగ్గర పొద్దున తొమ్మిదింటికి కలుద్దాం.

తప్పులుంటే చెప్పండి. జోహార్.

రూమ్ నంబర్ 14